క్యాన్సర్ డాక్టర్ కావడానికి రాసే పరీక్షలో క్యాన్సర్ ఎంత? రేడియోథెరపీ ఎండీలకు నీట్ ఎస్ఎస్ ఎందుకు కష్టం?

భిలాయ్‌లోని నెహ్రూ నగర్ స్టీల్ ప్లాంట్ సెక్టార్లకు బయట, జీఈ రోడ్డు పక్కన పెరిగిన కాలనీ. ప్లాంట్‌లో పనిచేసి రిటైరై, క్వార్టర్ ఖాళీ చేశాక సొంత ఇల్లు కట్టుకున్న కుటుంబాలు ఇక్కడ కనిపిస్తాయి. వాటిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన ఈ ఊరికి ఉత్తరాంధ్ర నుంచి చాలామంది పనికోసం వచ్చారు. తాత ఫర్నేస్ దగ్గర షిఫ్టు చేస్తే, తండ్రి ప్లాంట్ ఆఫీసులో చేరారు. మూడో తరానికి వచ్చేసరికి ఇంట్లో ఒకరు ఇంజినీరు, ఒకరు డాక్టరు. భిలాయ్‌లో ఇది వింత కాదు. పిల్లల్ని పోటీ పరీక్షలకు తయారుచేయడం ఈ ఊరికి ఉక్కు తర్వాత రెండో పరిశ్రమ లాంటిది.

ఎంబీబీఎస్ సీటుకు ఎలా చదవాలో ఇక్కడ ఏ వీధిలో అడిగినా చెబుతారు. ఎండీ అయ్యాక మళ్లీ రాయాల్సిన పరీక్ష గురించి అడిగితే మాత్రం చెప్పేవాళ్లు తక్కువ. అందులోనూ క్యాన్సర్ వైద్యం వైపు వెళ్లే దారి చాలామందికి అర్థం కాదు. రేడియోథెరపీలో ఎండీ చేసినవారు మెడికల్ ఆంకాలజిస్ట్ కావాలనుకుంటే రాయాల్సిన పరీక్ష ఇప్పుడు ప్రధానంగా క్యాన్సర్ పరీక్ష కాదన్నది ఇందుకు ఒక కారణం.

ముగ్గురు డాక్టర్లు, మూడు దారులు

పేషెంటు దృష్టిలో అందరూ ‘క్యాన్సర్ డాక్టర్’లే. చదువులో మాత్రం వీరు మూడు రకాలు. కణితిని కోసి తీసేవారు సర్జికల్ ఆంకాలజిస్టులు. కీమోథెరపీ, టార్గెటెడ్ మందులు, ఇమ్యునోథెరపీ ఇచ్చేవారు మెడికల్ ఆంకాలజిస్టులు. రేడియేషన్‌తో చికిత్స చేసేవారు రేడియేషన్ ఆంకాలజిస్టులు.

రేడియేషన్ ఆంకాలజీ పీజీ కోర్సు. ఎంబీబీఎస్ తర్వాత నీట్ పీజీ రాసి మూడేళ్లు చదివితే ఎండీ వస్తుంది. ఈ కోర్సును ఇదివరకు రేడియోథెరపీ అనేవారు, ఇప్పటికీ చాలామంది అలాగే అంటారు. మిగతా రెండూ సూపర్ స్పెషాలిటీలు. ముందు ఎండీ లేదా ఎంఎస్ పూర్తి చేయాలి, తర్వాత నీట్ ఎస్ఎస్ రాసి మరో మూడేళ్ల డీఎం మెడికల్ ఆంకాలజీలోనో, ఎంసీహెచ్ సర్జికల్ ఆంకాలజీలోనో చేరాలి. వీటికి సమానంగా నేషనల్ బోర్డు ఇచ్చే డీఆర్ఎన్‌బీ కోర్సులకు కూడా ప్రవేశ పరీక్ష ఇదే.

దేశంలో డీఎం మెడికల్ ఆంకాలజీ, ఎంసీహెచ్ సర్జికల్ ఆంకాలజీ కోర్సులు మొదలైంది 1984లో, చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో. అంతకు ముందు క్యాన్సర్‌కు మందులిచ్చే డాక్టర్‌కు ఇక్కడ ప్రత్యేక డిగ్రీ లేదు. ఫిజీషియన్ ఇచ్చేవారు, లేదా రేడియేషన్ ఇచ్చే డాక్టరే ఇచ్చేవారు. బ్రిటన్‌లో ఈ పద్ధతి ఇంకా ఉంది. అక్కడ ‘క్లినికల్ ఆంకాలజిస్ట్’ రేడియేషన్, కీమో రెండూ చూస్తారు. మన దేశంలో కూడా చిన్న నగరాల్లో చాలాచోట్ల రేడియోథెరపీ ఎండీ చేసినవారే కీమో డోసు లెక్కగడుతుంటారు.

డీఎం మెడికల్ ఆంకాలజీకి జనరల్ మెడిసిన్, పీడియాట్రిక్స్ ఎండీలతో పాటు రేడియోథెరపీ ఎండీలకు కూడా అర్హత ఉండటానికి నేపథ్యం ఇదే.

2021లో ఏం మారింది?

నీట్ ఎస్ఎస్ 2017లో మొదలైంది. పాత పద్ధతిలో ప్రశ్నల్లో 40 శాతం పీజీ స్థాయి సబ్జెక్టు నుంచి, 60 శాతం అభ్యర్థి ఎంచుకున్న సూపర్ స్పెషాలిటీ నుంచి వచ్చేవి. మెడికల్ ఆంకాలజీ కోరుకున్నవారికి సగానికి పైగా ప్రశ్నలు క్యాన్సర్ మీదే. రోజూ క్యాన్సర్ వార్డులో ఉండే రేడియోథెరపీ ఎండీకి ఇది కలిసొచ్చేది.

2021 జులై 23న ఆ ఏడాది పరీక్ష తేదీలు ప్రకటించారు. ఆగస్టు 31న పద్ధతి మార్చేశారు. ఇకపై ప్రశ్నలన్నీ పీజీ స్థాయి మూల సబ్జెక్టు నుంచే వస్తాయన్నారు. పరీక్షకు మిగిలింది రెండున్నర నెలలు. కొందరు పీజీ డాక్టర్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. జస్టిస్ డీవై చంద్రచూడ్, జస్టిస్ బీవీ నాగరత్న ధర్మాసనం ప్రభుత్వాన్ని గట్టిగానే మందలించింది, యువ డాక్టర్లను ఫుట్‌బాల్‌లా ఆడుకోవద్దని వ్యాఖ్యానించింది. ప్రైవేటు కాలేజీల్లో ఖాళీ సీట్లు నింపడానికే ఈ మార్పు చేస్తున్నారా అన్న అనుమానం కూడా విచారణలో బయటికొచ్చింది. అక్టోబర్‌లో కేంద్రం వెనక్కి తగ్గింది. 2021 పరీక్ష పాత పద్ధతిలోనే, 2022 జనవరి 10న జరిగింది.

కొత్త పద్ధతి రద్దు కాలేదు. ఒక్క ఏడాది వాయిదా పడిందంతే. ఆ తర్వాతి పరీక్ష నుంచి గ్రూపుల వారీ పేపరు అమల్లోకి వచ్చింది. కార్డియాలజీ, నెఫ్రాలజీ, న్యూరాలజీ, గ్యాస్ట్రో ఎంటరాలజీ, ఎండోక్రైనాలజీ, మెడికల్ ఆంకాలజీ వంటివన్నీ ‘మెడికల్ గ్రూప్’లో చేరాయి. అందరికీ ఒకటే ప్రశ్నపత్రం. అది జనరల్ మెడిసిన్ మొత్తాన్ని పరీక్షిస్తుంది.

ఇక్కడే అసలు తేడా వస్తుంది. మెడిసిన్ ఎండీ ఈ పేపరు రాసి తెచ్చుకున్న ర్యాంకుతో గుండె, కిడ్నీ, నరాలు, క్యాన్సర్... గ్రూపులోని ఎన్నో బ్రాంచీల్లో ఏదైనా అడగొచ్చు. రేడియోథెరపీ ఎండీ అదే పేపరు రాసి, అదే ర్యాంకు తెచ్చుకున్నా తెరుచుకునే తలుపు ఒక్కటే, మెడికల్ ఆంకాలజీ. మూడేళ్లు తాను చదివిన రేడియోబయాలజీకి, రేడియేషన్ ఫిజిక్స్‌కు ఈ పరీక్షలో దాదాపుగా విలువ లేదు.

ఇది అన్యాయమా? పూర్తిగా అవునని అనలేను. కీమో తీసుకుంటున్న పేషెంటు అర్ధరాత్రి సోడియం 118తో, మగతలో ఎమర్జెన్సీకి వస్తే చూడాల్సింది మెడిసిన్ తెలిసిన డాక్టరే. మెడికల్ ఆంకాలజిస్టుకు మెడిసిన్ బలంగా ఉండాలన్న వాదనలో పస ఉంది. అయితే క్యాన్సర్ గురించి అప్పటికే మూడేళ్లు నేర్చుకున్న మనిషి జ్ఞానాన్ని సున్నాగా లెక్కగట్టే పరీక్ష సరైన కొలమానం కాదు. 40-60 కాకపోయినా మధ్యలో ఏదో ఒక నిష్పత్తి ఉండొచ్చు. అది వచ్చేదాకా ఉన్న పేపరుకే సిద్ధం కావాలి.

మార్కుల లెక్క

పేపరులో 150 ప్రశ్నలు, సమయం 150 నిమిషాలు, మార్కులు 600. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. పరీక్ష కంప్యూటర్ మీద, ఇంగ్లిష్‌లో ఉంటుంది.

నెగెటివ్ మార్కు ఉందని భయపడి ప్రశ్నలు వదిలేయడం చాలామంది చేసే తప్పు. లెక్క వేసి చూడండి. నాలుగు ఆప్షన్లలో ఏదీ తెలియక గుడ్డిగా ఒకటి నొక్కితే, నాలుగుసార్లలో సగటున ఒకసారి తగులుతుంది. 4 మార్కులు వస్తాయి, 3 పోతాయి. నష్టం లేదు, కొంచెం లాభమే. రెండు ఆప్షన్లు తప్పని తేల్చుకోగలిగితే ప్రతి రెండు ప్రశ్నలకు సగటున 3 మార్కులు మిగులుతాయి. సగం తెలిసిన ప్రశ్నను ఖాళీగా వదలడమంటే చేతిలోని మార్కులు పారేసుకోవడమే. రేడియోథెరపీ నుంచి వచ్చేవారికి సగం తెలిసిన ప్రశ్నలే ఎక్కువ ఎదురవుతాయి కాబట్టి ఈ లెక్క వారికి మరీ ముఖ్యం.

అర్హతకు సాధారణంగా 50 పర్సంటైల్ కావాలి. సీట్లు మిగిలిపోయి, కౌన్సెలింగ్ చివర్లో దాన్ని తగ్గించిన ఏళ్లున్నాయి. దాని మీద ఆశ పెట్టుకుని చదువు తగ్గించకూడదు. చివరి రౌండ్లలో కోరుకున్న బ్రాంచి, కోరుకున్న ఊరు దొరకడం అరుదు.

తెలిసిన చోటు నుంచి తెలియని చోటికి

హారిసన్ పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టడం ఎక్కువమంది చేసే పని. మెడిసిన్ ఎండీకి అది రివిజన్. రేడియోథెరపీ ఎండీకి అదే పని అడవిలో దారి వెతుక్కోవడం. ఎంబీబీఎస్ తర్వాత గుండె వాల్వుల జబ్బులు, మూర్ఛ, నెఫ్రైటిస్ వంటివి చదివి నాలుగైదేళ్లు దాటిపోయి ఉంటుంది.

నా ఉద్దేశంలో వీరు క్యాన్సర్ నుంచే బయలుదేరాలి. రోజూ వార్డులో చూసే సమస్యలను తీసుకుని ఒక్కోదాన్నీ మెడిసిన్‌లోకి వంతెనలా వాడుకోవాలి.

ఊపిరితిత్తుల స్మాల్ సెల్ క్యాన్సర్‌నే చూడండి. ఈ కణితి ఏడీహెచ్ హార్మోన్ విడుదల చేస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. అక్కడి నుంచి సోడియం తగ్గడానికున్న కారణాలన్నీ, దాన్ని ఎంత వేగంగా పెంచాలి, మరీ వేగంగా పెంచితే మెదడుకు ఏమవుతుంది అన్నవన్నీ చదవొచ్చు. అదే కణితి ఏసీటీహెచ్ విడుదల చేస్తే కుషింగ్ సిండ్రోమ్ వస్తుంది. అడ్రినల్ గ్రంథి, పిట్యూటరీ గ్రంథి చదవడానికి అది దారి. లాంబర్ట్ ఈటన్ సిండ్రోమ్ కూడా ఈ కణితితో వచ్చేదే. దాన్ని మయస్తీనియాతో పోల్చి చదివితే న్యూరాలజీలో ఒక భాగం పూర్తవుతుంది. ఒక్క కణితితో కిడ్నీ, ఎండోక్రైన్, నరాల విభాగాల్లో మూడు అధ్యాయాలు కదిలాయి.

ట్యూమర్ లైసిస్ సిండ్రోమ్ కూడా ఇలాంటిదే. లుకేమియా, లింఫోమా పేషెంటుకు కీమో మొదలుపెట్టగానే కణాలు ఒక్కసారిగా చనిపోయి పొటాషియం, ఫాస్ఫేట్, యూరిక్ యాసిడ్ పెరుగుతాయి, కాల్షియం తగ్గుతుంది. పొటాషియం పెరిగితే ఈసీజీ ఎలా మారుతుంది, కిడ్నీ ఎప్పుడు దెబ్బతింటుంది, డయాలసిస్ ఎప్పుడు అవసరం అన్నవి ఇక్కడి నుంచే నేర్చుకోవచ్చు. యూరిక్ యాసిడ్ తగ్గించే రాస్‌బ్యూరికేజ్ ఇంజెక్షన్‌ను జీ6పీడీ లోపం ఉన్నవారికి ఇవ్వకూడదు, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. జీ6పీడీ లోపం చదివేటప్పుడే సికిల్ సెల్, తలసీమియా కూడా చదివేయాలి. ఛత్తీస్‌గఢ్‌లో పనిచేసే ఏ డాక్టర్‌కైనా సికిల్ సెల్ పుస్తకంలో మాత్రమే కనిపించే జబ్బు కాదు.

మందుల దుష్ప్రభావాలూ ఇంతే. డాక్సోరూబిసిన్ గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది, అక్కడి నుంచి హార్ట్ ఫెయిల్యూర్ చదవాలి. బ్లియోమైసిన్‌తో ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్ వస్తుంది, అది పల్మనరీ ఫంక్షన్ టెస్టులకు దారి. సిస్‌ప్లాటిన్‌తో మెగ్నీషియం పడిపోతుంది, విన్‌క్రిస్టిన్ నరాలను దెబ్బతీస్తుంది. రిటుక్సిమాబ్ ఇచ్చే ముందు హెపటైటిస్ బి పరీక్ష చేయకపోతే నిద్రపోతున్న వైరస్ లేస్తుంది. హెపటైటిస్ బి సీరాలజీ పట్టికను గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు. ఇక ఇమ్యునోథెరపీ మందులు థైరాయిడ్, పిట్యూటరీ, పెద్దపేగు, ఊపిరితిత్తులు, గుండె, క్లోమం దేన్నీ వదలవు. ఆ ఒక్క పేరాను పట్టుకుని సగం ఎండోక్రైనాలజీ చదవొచ్చు.

జ్వరంతో వచ్చిన కీమో పేషెంటు గురించి వేరుగా చెప్పాలి. న్యూట్రోఫిల్స్ 500 కంటే తక్కువ, ఒక్కసారి చూసినప్పుడే జ్వరం 38.3 డిగ్రీలు, లేదా గంటసేపు 38 డిగ్రీలు. ఈ అంకెలు రేడియోథెరపీ రెసిడెంటుకు నోటికి వస్తాయి. సూడోమోనాస్‌ను దృష్టిలో పెట్టుకుని వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలనీ తెలుసు. కానీ ఎందుకు ఆ యాంటీబయాటిక్, నాలుగైదు రోజులకూ జ్వరం తగ్గకపోతే ఏ ఫంగస్‌ను అనుమానించాలి అన్న ప్రశ్నల దగ్గర ఆగిపోతారు. పేపరులో అడిగేది అక్కడే.

ఈ వంతెనలు అన్నిచోట్లకూ పోవు. రుమాటిక్ వాల్వు జబ్బులు, పార్కిన్సన్స్, స్ట్రోక్, వాస్కులైటిస్, గ్లోమెరులోనెఫ్రైటిస్, టీబీ, హెచ్‌ఐవీ వంటివి క్యాన్సర్ వార్డు దారిలో పెద్దగా తగలవు. వీటిని మొదటి నుంచి చదవాలి, దొడ్డిదారి లేదు. రేడియోథెరపీ ఎండీలు ఎక్కువ నెలలు కేటాయించాల్సింది వీటికే. షెల్ఫులో హాల్ రేడియోబయాలజీ, ఖాన్ ఫిజిక్స్ పుస్తకాలుంటే ఆ నెలల్లో తీయకుండా ఉండటమే మంచిది, ఎంత ఇష్టమైనా. డెవిటా ఆంకాలజీ కూడా ఈ పరీక్షకు అవసరానికి మించిన పుస్తకం. హారిసన్‌లో క్యాన్సర్ భాగం, ఒక మంచి క్వశ్చన్ బ్యాంకు, చేసిన తప్పులు రాసుకున్న నోట్‌బుక్ ఇంతకన్నా ఎక్కువ పనిచేస్తాయి.

డ్యూటీ చేస్తూ చదివేవారికి ఇంకో మాట. సీనియర్ రెసిడెంటుగా పనిచేసేచోట మెడిసిన్ విభాగం రౌండ్లకు వారానికి ఒక్కసారి వెళ్లడానికి అనుమతి అడిగి చూడండి. ఒక ఈసీజీని బెడ్ పక్కన చదవడం, యాప్‌లో పది ఈసీజీ ప్రశ్నలు చేయడం ఒకటి కాదు.

సర్జరీ వైపు వెళ్లేవారికి ఈ చిక్కు తక్కువ. సర్జికల్ గ్రూప్ పేపరు జనరల్ సర్జరీ మీద ఉంటుంది, రాసేవారిలో ఎక్కువమంది చదివింది అదే.

వేరే పరీక్షలు లేవా?

ఉన్నాయి. ఎయిమ్స్, జిప్‌మర్, చండీగఢ్ పీజీఐ వంటి జాతీయ సంస్థలు నీట్ ఎస్ఎస్‌లో చేరవు. వాటికి ఏడాదికి రెండుసార్లు ఐఎన్ఐ ఎస్ఎస్ జరుగుతుంది. కంప్యూటర్ పరీక్ష తర్వాత ఆయా విభాగం స్వయంగా అభ్యర్థులను పరీక్షిస్తుంది. సీట్లు చాలా తక్కువ. ఏ ఎండీకి అర్హత ఉందన్నది సంస్థను బట్టి మారొచ్చు కాబట్టి దరఖాస్తుకు ముందు ఆ సెషన్ ప్రాస్పెక్టస్ చదవడం తప్పనిసరి.

రేడియేషన్‌లోనే ఉంటూ మందుల మీద పట్టు పెంచుకోవాలనుకునేవారికి లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ రేడియాలజిస్ట్స్ ఇచ్చే ఎఫ్ఆర్‌సీఆర్ క్లినికల్ ఆంకాలజీ ఒక దారి. అందులో మొదటి పరీక్షలో క్యాన్సర్ బయాలజీ, రేడియోబయాలజీ, క్లినికల్ ఫార్మకాలజీ, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్ ఉంటాయి. నీట్ ఎస్ఎస్ పక్కకు పెట్టిన పుస్తకాలే దీనికి కావాలి. రెండు పరీక్షలకూ ఒకేసారి చదవడం కుదరదనడానికి ఇదే కారణం.

రేడియేషన్ డాక్టరుగానే ఎంతో ఎత్తుకు వెళ్లినవారు తెలుగువారిలో లేకపోలేదు. కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి న్యూయార్క్‌లో పేరు తెచ్చుకున్న డాక్టర్ నోరి దత్తాత్రేయుడు రేడియేషన్ ఆంకాలజిస్టే. డీఎం రాకపోతే క్యాన్సర్ వైద్యంలో రెండో తరగతి డాక్టరైపోతామన్న భయం వద్దు.

ఎవరు ‘లోకల్’?

భిలాయ్ తెలుగు కుటుంబాలకు ఇది పాత నొప్పి. ఇక్కడ పుట్టి, ఇక్కడే చదివిన పిల్లలు ఆంధ్రప్రదేశ్‌కూ, తెలంగాణకూ స్థానికులు కారు. ఇంట్లో తెలుగే మాట్లాడినా, శ్రీకాకుళంలో తాతగారి ఇల్లున్నా, రాష్ట్ర కోటాలో పీజీ సీటు అడగడానికి అది పనికిరాదు. ఒకప్పుడు సూపర్ స్పెషాలిటీలో కూడా ఇంతే. రాజ్యాంగంలోని 371-డి అధికరణం ఆధారంగా రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ సీట్లను స్థానికులకే పరిమితం చేసేవారు. 2015లో సుప్రీంకోర్టు దీన్ని కొట్టివేయడానికి నిరాకరించింది కూడా.

నీట్ ఎస్ఎస్, మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ నిర్వహించే ఉమ్మడి కౌన్సెలింగ్ వచ్చాక పరిస్థితి మారింది. ఈ స్థాయిలో పుట్టిన ఊరు అడగరు, ర్యాంకు అడుగుతారు. కొన్ని రాష్ట్రాల్లో ప్రభుత్వ సర్వీసులో ఉన్న డాక్టర్లకు పక్కనపెట్టే సీట్లు మినహాయిస్తే మిగతావి అందరికీ తెరిచి ఉంటాయి. నెహ్రూ నగర్‌లో పెరిగిన డాక్టర్ హైదరాబాద్ నిమ్స్‌లో సీటు కోరుకోవచ్చు. హైదరాబాద్ డాక్టర్ ముంబయి టాటా మెమోరియల్ కోరుకోవచ్చు.

ఈ సీట్ల వెనుక పేషెంట్లున్నారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో దేశంలో కొత్తగా 14 లక్షల మందికి పైగా క్యాన్సర్ బారిన పడ్డారు. ఛత్తీస్‌గఢ్‌లో పొగాకు, బెల్లం కలిపిన గుడాఖు అనే ముద్దతో పళ్లు తోముకోవడం పల్లెల్లోనే కాదు, భిలాయ్ బస్తీల్లోనూ ఉంది. ఉత్తరాంధ్రలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ పాత అలవాటు, అంగిలి క్యాన్సర్‌కు అది కారణమని ఎన్నో ఏళ్లుగా తెలుసు. రెండు ప్రాంతాల్లోనూ ఈ నోళ్లకు ముందుగా ఎదురయ్యేది ఏ డాక్టరో అన్నదే ప్రశ్న. రాయ్‌పుర్‌లో అంబేడ్కర్ ఆస్పత్రిలోని ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం, ఎయిమ్స్, నవా రాయ్‌పుర్‌లోని బాల్కో మెడికల్ సెంటర్ ఉన్నాయి. భిలాయ్ నుంచి రాయ్‌పుర్ 30 కిలోమీటర్లే. అయినా ముంబయి రైలెక్కే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 2024 సెప్టెంబర్‌లో దుర్గ్-విశాఖపట్నం వందే భారత్ మొదలయ్యాక, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి కూడా ఇక్కడి తెలుగువారికి దగ్గరైంది.

దరఖాస్తుకు ముందు చూసుకోవాల్సినవి

పీజీ తర్వాత ప్రభుత్వ బాండ్ సర్వీసు ఉన్నవారు ముందుగా ఆ కాగితం తీసి చదువుకోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గరే ఉండిపోతే, సీటు వచ్చాక చేరడానికి ఇచ్చే కొద్ది రోజుల్లో వాటిని బయటికి తెచ్చుకోవడం పరీక్ష కంటే పెద్ద పని అవుతుంది. బాండ్‌ను వాయిదా వేస్తారా, ఎన్ఓసీ ఎవరు ఇస్తారు అన్నది ఫలితాలు వచ్చాక కాకుండా దరఖాస్తు చేసే నెలలోనే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఎండీ పూర్తయిన తేదీ బులెటిన్‌లో చెప్పిన గడువులోపు ఉండాలి. డిగ్రీ మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి ఉండాలి. సీటు తీసుకుని మధ్యలో వదిలేస్తే మళ్లీ రాయడంపై ఆంక్షలు, జరిమానా ఉండొచ్చు కాబట్టి ‘ముందు చేరిపోదాం, తర్వాత చూద్దాం’ అన్నది ఈ కౌన్సెలింగ్‌లో పనికిరాదు. కాలేజీల జాబితా ఆప్షన్లుగా పెట్టే ముందు ఒక్కో చోటా స్టైపెండ్ ఎంత, బాండ్ ఎన్నేళ్లు, అక్కడ ఎముక మజ్జ మార్పిడి చేస్తారా, రోజుకు ఎంతమంది కొత్త పేషెంట్లు వస్తారు అని అక్కడ చదువుతున్నవారినే ఫోన్ చేసి అడగండి. మొదటి రెండు సమాచార పత్రంలో దొరుకుతాయి. చివరి రెండూ అక్కడివారు చెబితేనే తెలుస్తాయి.